చివరి క్షణంలో తప్పుకున్న ఆటగాడిని నిందించొద్దు

ఛాతీ నొప్పి, దడ, జ్వరం ఉందని మ్యాచ్‌కు గంట ముందు తప్పుకున్న ఫుట్‌బాల్ ఆటగాడిని ‘భయపడ్డాడు’ అని నిందించడం ప్రమాదకరం. 1998 ప్రపంచకప్ ఫైనల్ రోజు హోటల్లో మూర్ఛ వచ్చిన రొనాల్డో పేరును బ్రెజిల్ మొదట జాబితాలోంచి తీసేసి, ఆఖరి నిమిషంలో మళ్లీ చేర్చి మ్యాచ్ మొత్తం ఆడించింది. ఆ సాహసం ఎవరికీ ఆదర్శం కాకూడదు. వైరల్ జ్వరంతో ఒక్కోసారి గుండె కండరం వాస్తుంది. ఆ స్థితిలో పరుగెడితే గుండె లయ తప్పి కుప్పకూలే ముప్పుంది. పారాసిటమాల్‌తో జ్వరం దిగుతుంది గానీ ఆ వాపు తగ్గదు. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన సరిపోదు. గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష, గుండె స్కాన్ అయిన ఎకో కూడా చూడాలి, అవి మైదానం ఒడ్డున అయ్యే పనులు కావు. మన జిల్లా టోర్నీల్లో ‘ఆడొచ్చు’ అని తేల్చేది తరచూ కోచే! తుది మాట వైద్యుడిదేనని నిబంధనల్లో రాయాలి. జాబితా ఇచ్చాక అనారోగ్యంతో జరిగే మార్పును సబ్‌స్టిట్యూషన్ల లెక్కలో కలపకూడదు. ప్రతి మైదానంలో ఏఈడీ (గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే) యంత్రం, దాన్ని వాడటం వచ్చిన మనిషి ఉండాలి. గుండె ఆగాక సీపీఆర్ (ఛాతీని పదేపదే నొక్కడం) లేకుండా షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. 2021లో కోపెన్‌హాగన్‌లో మ్యాచ్ మధ్యలో గుండె ఆగి కుప్పకూలిన డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్‌ను బతికించింది సీపీఆర్, గడ్డి మీదే ఇచ్చిన షాక్.