మృదంగం వారిపై మన వేళాకోళాలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. పర్లాకిమిడిలో కచేరీ ముగించుకుని బరంపురం తిరిగి వస్తుండగా, మన మృదంగం వారి సంచిలో గంభీరమైన నాదం కోసం వాద్యం ఎడమ మూతకు తడిపి పట్టించేందుకు ఉంచుకున్న బొంబాయి రవ్వ పొట్లం కనిపించి, "ఇది వాద్యానికా, ఉప్మాకా?" అని వయొలిన్ వారు అడిగారు. "మీరు శ్రుతి సరిచేసుకునేలోగా ఉప్మా వండుకుని తినేయవచ్చు కదండీ" అని ఆయన నవ్వుతూ బదులిచ్చిన సంగతిని, ఆ రోజు రాలేకపోయిన వారి కోసం ఇక్కడ తెలియజేస్తున్నాను.

తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే ఘట్టం) మొదలుకాగానే శ్రోతలు కాఫీకి లేస్తారన్న పాత ఛలోక్తి కూడా యథాప్రకారం వినిపించింది. (ఆ రోజు అందరికంటే ముందు కాఫీ అడిగినది గాయకులేనన్నది వేరే విషయం.) అయితే మిశ్రచాపు తాళంలోని 7 అక్షరాలను (లెక్క ప్రమాణాలను) 3, 4గా విడదీస్తూ, ముగింపు జతిసమూహమైన ముక్తాయింపును మూడుసార్లు వాయించి, ఆయన సరిగ్గా పల్లవి మొదలయ్యే చోటుకు చేర్చినప్పుడు, లెక్క తప్పి బిక్కముఖం వేసినది పాడే పక్షమేనని నేను సాక్ష్యం చెప్పక తప్పదు.

ఆదివారం సాధనకు ఒడిస్సీ నృత్యంలో వాడే మృదంగం వంటి వాద్యమైన మర్దలం వాయించే ఒడియా మిత్రులొకరు వస్తున్నారు. వేళాకోళానికి మరొకరు దొరికారని సంబరపడవద్దు. ఇకపై జవాబు చెప్పేవారు ఇద్దరవుతారు.