స్టేషన్ నుంచి మా ఇంటి దాకా

తెనాలి.

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి వస్తాననీ, ఎవరూ తొయ్యకుండా నీ చక్రాల కుర్చీలో నువ్వే స్టేషన్ నుంచి మా ఇంటి దాకా రావాలని ఉందనీ రాశావు. అది చదివాక ఊరుకోలేక, మర్నాడు తెల్లవారగానే టేపు పట్టుకొని ఆ దారంతా నడిచాను. ఏళ్ల తరబడి సైకిలు మీద తిరిగిన దారే అయినా, నీ కుర్చీని మనసులో పెట్టుకొని చూస్తుంటే అడుగడుగునా ఆగవలసి వచ్చింది.

స్టేషన్ ఎదుట ఇబ్బంది లేదు. రణరంగ చౌక్ వైపు వచ్చేసరికి, మురుగు కాల్వ మీద పరిచిన పలకలనే మనం కాలిబాట అనుకుంటున్నామని అర్థమైంది. పలకకూ పలకకూ మధ్య రెండు వేళ్లు దూరే సందులున్నాయి. నీ కుర్చీ ముందరి చిన్న చక్రం అందులో ఇరుక్కుంటే కుర్చీ ఆగిపోతుంది, నువ్వు ముందుకు తూలిపోతావు. ఒకచోట ఇనుప జాలీ కడ్డీలను దారి పొడవునా వేశారు. పోయిన నెల నా సైకిలు టైరు అందులోనే దిగబడి మోచెయ్యి గీరుకుపోయింది. ఆ కడ్డీలనే దారికి అడ్డంగా అమర్చి ఉంటే, అదే ఇనుముతో, అదే ఖర్చుతో సైకిళ్లు క్షేమంగా దాటిపోయేవి.

పలకల మీద మోటారు సైకిళ్లు నిలిపిన చోట అందరూ రోడ్డు మీదికి దిగుతున్నారు. తోపుడు బండ్లవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్లకూ చోటు చూపించాలనే 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. కానీ రోడ్డు మీదికి దిగడం చిన్న విషయం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 32,825 మంది, అంటే రోజుకు సుమారు 90 మంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఒక్క సెకనులో దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. 30 కిలోమీటర్లయితే 8 మీటర్లకు కాస్త ఎక్కువ. బడి పిల్లలు దాటే వీధుల్లో ఆ తేడాయే ప్రాణం. నడవడానికి అనువైన కాలిబాట జీవించే హక్కులో భాగమేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, నాకు ముందుగా గుర్తొచ్చింది నువ్వే.

కాలిబాట లేనిచోట ఎదురుగా వచ్చే బండ్లు కనబడేలా కుడి అంచున రా. నేను నీ పక్కనే నడుస్తాను. చీకటి పడ్డాక బయలుదేరవలసి వస్తే కుర్చీ వెనక ఎర్రగా మెరిసే పట్టీ తప్పక అంటించుకో. ఉదయం ఆరున్నర లోపు దిగే రైలు చూసుకుంటే అన్నిటికన్నా మేలు.

అసలు చిక్కు మా గుమ్మం దగ్గర ఉంది, సత్యం. నేను ఇన్నాళ్లూ లెక్క చేయని మూడు మెట్లవి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల చొప్పున మొత్తం 45. ఒక పాలు ఎత్తుకు పన్నెండు పాళ్ల పొడవు ఉంటేనే కుర్చీ సొంతంగా ఎక్కగలదు కాబట్టి 5.4 మీటర్ల వాలు కావాలి. మా వాకిలి అందులో సగం కూడా లేదు. అందుకని వాలును గోడ వెంట తీసుకెళ్లి, మూలన కుర్చీ తిరగడానికి ఒకటిన్నర మీటరు చదును వదిలి, అక్కడి నుంచి గుమ్మానికి మళ్లించమని మేస్త్రీకి చెప్పాను. మునివేళ్లతో తడిమితే గరుకుగా తగిలేలా ఉంచమన్నాను, నున్నగా పూస్తే వానకు జారుతుంది. రెండు వైపులా కమ్మీలు పెట్టిస్తున్నాను.

మా గేటు వెడల్పు 80 సెంటీమీటర్లు. చేత్తో తిప్పే రింగులతో సహా నీ కుర్చీ వెడల్పు ఎంతో కొలిచి వెంటనే రాయి. మేస్త్రీ సోమవారం వస్తానన్నాడు.

ఇట్లు
నీ శేషు