జేన్ ఫాస్టర్ చనిపోలేదండీ, కీమోకి వెళ్లింది

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో థోర్ కామిక్స్ మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉరుముల దేవుడు అమెరికా బొమ్మల పుస్తకాల్లోకి ఎలా చేరాడో చెప్పినంత వరకు బాగానే ఉంది. చివర్లో థోర్ ప్రియురాలు జేన్ ఫాస్టర్ గురించి రాసిన రెండు పేరాలే బాగాలేవు. 2022లో వచ్చిన 'థోర్: లవ్ అండ్ థండర్' సినిమా కోసం హీరో ప్రియురాలి చేతికి థోర్ సుత్తి ఇచ్చారని, కామిక్స్‌లో లాగే సినిమాలోనూ ఆమె క్యాన్సర్‌తో చనిపోతుందని రాశారు. కామిక్స్ మాటకొస్తే రెండూ తప్పే. మొదటిదైతే పోనీలే అనుకునేదాన్ని. రెండోది చూసి ఊరుకోలేకపోయాను. నేను క్యాన్సర్ డే కేర్ వార్డులో స్టాఫ్ నర్సుని.

జేన్ ఫాస్టర్ కూడా నర్సే. ఆ మాట మీ వ్యాసంలో ఎక్కడా లేదు. 1962 ఆగస్టు తేదీతో వచ్చిన 'జర్నీ ఇంటు మిస్టరీ' 83వ సంచికలో థోర్ మొదటిసారి కనిపిస్తాడు. స్టాన్ లీ, ఆయన తమ్ముడు లారీ లీబర్ కథ రాస్తే జాక్ కర్బీ బొమ్మలు వేశాడు. కాలు సరిగా లేని డాక్టర్ డొనాల్డ్ బ్లేక్ నార్వే వెళ్లి, శని గ్రహం నుంచి దిగిన రాతి మనుషులకు భయపడి ఒక గుహలో దాక్కుంటాడు. అక్కడ దొరికిన కర్రను బండకేసి కొడితే అది సుత్తి అవుతుంది, ఆయన థోర్ అవుతాడు. ఆ తర్వాతి సంచికలోనే బ్లేక్ దగ్గర పనిచేసే నర్సుగా జేన్ వచ్చింది. అందులో ఆమె ఇంటిపేరు నెల్సన్. కొన్నాళ్లకు ఫాస్టర్ అయింది. సృష్టించినవాళ్లకే నర్సు పేరు గుర్తులేదన్నమాట. మాకిది కొత్తేం కాదు లెండి, వార్డులో మాకందరికీ ఒకటే పేరు, సిస్టర్.

తర్వాత కొన్నేళ్లపాటు ఆ అమ్మాయికి డాక్టర్ గారిని తలుచుకుని నిట్టూర్చడం, విలన్లు ఎత్తుకుపోతే అరవడం తప్ప వేరే పని ఇవ్వలేదు. ఆ పత్రిక పేరు 'థోర్' అని మారాక, 1967లో 136వ సంచికలో థోర్ తండ్రి, దేవతల రాజు ఓడిన్ ఆమెకు దేవతల శక్తి ఇచ్చి, వెంటనే ఒక భయంకరమైన జీవి ముందు నిలబెట్టి పరీక్ష పెడతాడు. ఆమె భయపడుతుంది. ఫెయిల్ అంటాడు. తిరిగి భూమ్మీదకు పంపేస్తాడు. ట్రైనింగ్ లేదు, ఓరియెంటేషన్ లేదు, మొదటి రోజే ఐసీయూలో ఒంటరిగా డ్యూటీ వేసి, చేతులు వణికాయని ఇంటికి పంపేసినట్టు. కర్బీ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం, ఆ సంచిక మాత్రం మళ్లీ తెరవను.

సుత్తి జేన్ చేతికి రావడం 2022లో పుట్టిన ఆలోచనా కాదు. 1978లోనే 'వాట్ ఇఫ్' పదో సంచికలో ఆ కర్ర బ్లేక్‌కు బదులు జేన్‌కు దొరికితే ఎలా ఉంటుందని ఊహించి ఒక కథ రాశారు. బాగానే మొదలవుతుంది. చివరికి సుత్తి తీసుకుని డాక్టర్ చేతికే ఇచ్చి, ఆమెకు ఓడిన్‌తో పెళ్లి చేశారు. మామగారు కావలసిన మనిషితో!

ఇవన్నీ నాకెలా తెలుసని అడుగుతారేమో. మా తమ్ముడు హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చేవాడు. వాడు తెచ్చినవాటిలో నేను మొదట చదివింది వాల్టర్ సైమన్సన్ రాసి గీసిన 1986 నాటి కథ. అందులో మాయలమారి దేవుడు లోకీ శాపం వల్ల థోర్ కప్ప అయిపోతాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కప్పలకూ ఎలుకలకూ యుద్ధం జరుగుతుంటే కప్పల తరఫున పోరాడతాడు. కప్పగానే వెళ్లి సుత్తి పట్టుకుంటాడు. ఇంత పిచ్చి కథను ఇంత సీరియస్‌గా చెప్పొచ్చా అని నవ్వుకున్నాను. అక్కడి నుంచి వదల్లేదు. ఇప్పుడు మా అబ్బాయి ట్యాబ్‌లో చదువుతాను.

అసలు విషయానికి వస్తాను. 2012 నుంచి థోర్ కథలు జేసన్ ఆరన్ రాశాడు. అందులో గోర్ అనేవాడు తన కుటుంబాన్ని పోగొట్టుకుంటాడు. ఎంత మొక్కినా పలకని దేవుళ్లు నిజంగానే ఉన్నారని తెలిశాక ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోతాడు. 2013లో జేన్‌కు రొమ్ము క్యాన్సర్ వచ్చిందని తెలుస్తుంది. అప్పటికి ఆమె డాక్టర్ కూడా అయింది. దేవతల లోకమైన అస్‌గార్డ్ మంత్రాలతో నయం చేయిద్దామని థోర్ అంటే వద్దంటుంది. 2014లో నిక్ ఫ్యూరీ అనే గూఢచారి చెవిలో ఏదో చెప్పగానే థోర్ సుత్తి ఎత్తే అర్హత పోగొట్టుకుంటాడు. దేవుళ్లెవరూ పూజకు తగరని గోర్ అన్నదే నిజమని ఫ్యూరీ చెప్పాడని మనకు 2017లో గానీ తెలియదు. సుత్తి చంద్రుడి మీద పడి ఉంటుంది. ముసుగు వేసుకున్న ఒక స్త్రీ వచ్చి దాన్ని తీసుకుంటుంది. ఆమె జేన్ అని, అప్పుడు కొత్తగా మొదలైన 'థోర్' సిరీస్ ఎనిమిదో సంచిక చివర్లో బయటపెడతారు.

రస్సెల్ డాటర్‌మన్ గీసిన బొమ్మల్లో ఆమె థోర్‌గా ఉన్నప్పుడు పేజీ అంతా మెరుపులే. మామూలు జేన్ అయ్యాక భుజం ఎముకలు బయటికొచ్చి, తలకు గుడ్డ కట్టుకుని, కళ్ల కింద నలుపు. ఆ ముఖాన్ని నేను రోజూ చూస్తాను.

ఇక ఈ కథలోని అసలు మెలిక. జేన్ సుత్తి పట్టుకున్న ప్రతిసారీ అది ఆమె ఒంట్లోని విషాన్నంతా తీసేస్తుంది. కీమో మందు కూడా విషమే కాబట్టి అదీ పోతుంది. క్యాన్సర్ మాత్రం పోదు, అది ఆమె సొంత కణాలే కాబట్టి. అంటే లోకాన్ని కాపాడటానికి వెళ్లిన ప్రతిసారీ అంతకుముందు ఎక్కించుకున్న కీమో సైకిల్, అంటే ఒక విడత మందు, వృథా.

ఎవరో వార్డులో కూర్చుని చూసి రాసినట్టుంది ఇది. కీమో నిజంగానే విషం. దాన్ని ముట్టుకునేటప్పుడు మేం గ్లవ్స్, గౌను వేసుకుంటాం. డోక్సోరూబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, బాత్రూంలో రెండుసార్లు ఫ్లష్ చేయమని ఇంటికి పంపేముందు చెబుతాం. చాలా మందులు ఇరవై ఒక్క రోజులకోసారి ఇస్తారు. ఆ మధ్యలో మంచి కణాలు కోలుకోవాలి, చెడ్డవాటికి మాత్రం పుంజుకునే టైమ్ దొరకకూడదు. మూడో సైకిల్ అయ్యాక గడ్డ కొంచెం తగ్గగానే "కోతలయ్యాక వస్తాం సిస్టర్", "అమ్మాయి పెళ్లయ్యాక వస్తాం సిస్టర్" అంటారు. కొందరు చెట్ల మందుకు వెళ్తారు. ఆరోగ్యశ్రీలో అప్రూవల్ వచ్చినవాళ్లు కూడా. తిరిగొచ్చేసరికి స్కాన్ మారిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. వాంతులు రాకుండా, ఎలర్జీ రాకుండా కీమోకి ముందు డెక్సామెథసోన్ ఇస్తాం. అది స్టెరాయిడ్. ఆ రోజు, మర్నాడు మనిషికి ఎక్కడలేని ఓపిక వస్తుంది, నిద్ర పట్టదు. ఇంటికి వెళ్లి బట్టలుతికి, పదిమందికి వండి, "నాకేం లేదు, బాగున్నాను" అంటారు. ఆ తర్వాత మంచం దిగలేరు. జేన్ కేప్ వేసుకుని ఎగిరే పేజీలు చూసినప్పుడల్లా నాకు ఆ డెక్సా రోజులే గుర్తొస్తాయి. ఆమె దేనికి వెళ్తోందో, ఎందుకు మానలేకపోతోందో మా ఆడవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు.

మీ వ్యాసకర్త థోర్‌ను ఇంద్రుడితో పోల్చారు. ఇద్దరూ ఉరుముల దేవుళ్లే, ఇద్దరికీ పాముతో వైరమే, కాదనను. కానీ ఈ కథలో నాకు కనిపించింది ఇంద్రుడు కాదు, దధీచి. వజ్రాయుధం కోసం వెన్నెముక ఇచ్చినాయన. ఆయన ఒక్కసారి ఇచ్చాడు, ఈమె విడతలవారీగా ఇస్తుంది.

కామిక్స్‌లో ముగింపు మీరు రాసినట్టు ఉండదు. 2018లో వచ్చిన 'ది మైటీ థోర్' 705వ సంచికలో ఇంకొక్కసారి సుత్తి పట్టుకుంటే చావే అని తెలిసీ పట్టుకుంటుంది. మ్యాంగాగ్ అనే రాక్షసుణ్ణి గొలుసుతో కట్టి సుత్తితో సహా సూర్యుడిలోకి విసిరేస్తుంది. చనిపోతుంది. యుద్ధంలో పోయిన వీరులు చేరే వల్‌హల్లా వాకిలి దాకా వెళ్తుంది. అక్కడ ఆగండి, మీ వ్యాసం అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత సుత్తిలో ఉండే తుఫానుతో ఓడిన్, థోర్ ఇద్దరూ కలిసి ఆమెను వెనక్కి తెస్తారు. ఇక సుత్తి లేదు, కేప్ లేదు. ఆమె చికిత్సకు వెళ్తుంది. కీమో ఈసారి ఒంట్లో ఉండి తన పని తాను చేస్తుంది. 2019లో ఆమె వాల్కిరీగా, అంటే చనిపోయిన వీరులను వల్‌హల్లాకు చేర్చే స్త్రీగా, మళ్లీ వచ్చేసరికి జబ్బు అదుపులో ఉంటుంది, తను ఆస్పత్రి మార్చురీలో పనిచేస్తుంటుంది. మార్చురీ ఎందుకో నాకు నచ్చలేదు గానీ, ఉద్యోగమైతే ఉంది కదా.

సినిమాలో మాత్రం ఆమెను చంపేసి వల్‌హల్లాకు పంపారు. యుద్ధంలో పోయింది కాబట్టి గౌరవంగా పోయిందన్న లెక్క. పదమూడో శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన 'ఎడ్డా' ప్రకారం జబ్బుతోనో ముసలితనంతోనో పోయినవాళ్లు మృతుల లోకాన్ని ఏలే హెల్ దగ్గరికి పోతారు. మంచం మీద పోయినవాళ్లకు వల్‌హల్లా లేదు. ఆ పాత లెక్కను సినిమా కిమ్మనకుండా ఒప్పేసుకుంది. మంచం మీద ఉన్నవాళ్ల మధ్య పనిచేసే నాకు అది మింగుడు పడలేదు.

మా వార్డులో సెలైన్ ఎక్కుతుండగా ఫోన్లో సినిమాలు చూస్తారు. ఆ మధ్య ఒక డిగ్రీ అమ్మాయి తెలుగు డబ్బింగ్‌లో ఇదే చూస్తూ, సగంలో ఆపి, "చివర్లో ఈవిడ చచ్చిపోద్దా సిస్టర్" అని అడిగింది. సినిమాలో పోద్ది, పుస్తకంలో పోదు అన్నాను. పుస్తకంలో ఏమవుతుందని అడిగింది. చెప్పాను. సినిమా కట్టేసి, ఆ బొమ్మలు కావాలంది. మా అబ్బాయి ట్యాబ్ తీసుకెళ్లి చూపించాను. తలకు గుడ్డ కట్టుకున్న జేన్ బొమ్మ దగ్గర చాలాసేపు ఆగింది. గుడ్డ సరిగ్గా కట్టుకోలేదంది.

మీ పేపరు మా వెయిటింగ్ హాల్లో కూడా పడుతుంది. పోయిన ఆదివారం ఆ పేజీ ఎవరెవరు చదివారో నాకు తెలియదు. అందుకే సవరణ వేస్తే లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో కాకుండా, అదే అనుబంధంలో వేయమని కోరుతున్నాను. ఉత్తరం పొడవైంది. కత్తిరించక తప్పకపోతే కప్ప కథ తీసేయండి, కీమో సంగతి ఉంచండి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, విశాఖపట్నం
(పేరు, ఆస్పత్రి పేరు అచ్చు వేయవద్దని మనవి)