స్టిలెట్టో పాము పింజర కాదు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో దక్షిణాఫ్రికా స్టిలెట్టో పాము ఫొటో కింద ‘మట్టిలో బతికే పింజర’ అని వేశారు. పాత పుస్తకాల్లోనూ అలాగే ఉండేది కనుక మిమ్మల్ని తప్పుపట్టలేను. అయినా మనిషిని ప్రమాదంలోకి నెట్టగల పేరు అది కాబట్టి, సవరణ వేయమని కోరుతున్నాను.

1849లో జంతుశాస్త్రవేత్త ఆండ్రూ స్మిత్ ఈ పాము చేరిన అట్రాక్టాస్పిస్ అనే ప్రజాతిని నెలకొల్పాక, నోటి ముందుభాగంలో పొడవాటి బోలు కోరలున్నాయన్న ఆధారంతోనే దానిని చాలాకాలం పింజరల్లో కలిపేశారు. 1968లో బూర్జువా అనే శాస్త్రవేత్త పాముల పుర్రె ఎముకలను పరిశీలించి, దీని చుట్టరికం జెర్రులను తినే అపరల్లాక్టస్ వంటి ఆఫ్రికా పాములతోనని చూపించారు. ఆ తరువాతి డి.ఎన్.ఏ. పరిశోధనలు ఈ మాటనే బలపరచడమే కాక, ఒకప్పుడు నాగుపాము కుటుంబంలో చేర్చిన హార్లెక్విన్ పామును కూడా తెచ్చి దీని పక్కనే నిలబెట్టాయి. ఈ గుంపును ప్రత్యేక కుటుంబమనాలా, ఉపకుటుంబమనాలా అన్న చర్చ ఇంకా ఉంది. ప్రత్యేక కుటుంబమనడమే నాకు సబబనిపిస్తుంది.

నేను డర్బన్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో, వాన వెలిసిన ఒక రాత్రి మా పెరట్లో పూలకుండీ జరిపితే వేలెడు లావున, నల్లగా నిగనిగలాడే పాము కనిపించింది. మెడ విల్లులా వంచి, ముక్కు నేలకు ఆనించి ఉంది. పక్కింటాయన అలవాటు కొద్దీ తల వెనుక రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నారు. అది నోరు తెరవనే లేదు. మూసిన పెదవి పక్క నుంచి ఒక్క కోర బయటికి వచ్చి ఆయన బొటనవేలిలో దిగింది. చేయంతా వాచి, ఆ రాత్రంతా నొప్పితో ఆయన నిద్రపోలేదు.

పింజరను పట్టినట్టు ఈ పామును పట్టుకోవడం కుదరదు. దక్షిణాఫ్రికాలో తయారయ్యే యాంటీవెనమ్ (పాము విషానికి విరుగుడు మందు) దీని విషానికి పనిచేయదు కాబట్టి, వైద్యులు లక్షణాలను బట్టి చికిత్స చేయవలసిందే. మృత సముద్రం ప్రాంతంలోని దీని బంధువు ఎంగడెన్సిస్ అనే పాము విషంలో ఉండే సారాఫోటాక్సిన్లు అనే పదార్థాలు గుండె రక్తనాళాలను బిగదీస్తాయి. వాటి నిర్మాణం మన రక్తనాళాల్లోనే తయారయ్యే ఎండోథెలిన్ అనే పదార్థాన్ని దాదాపు పోలి ఉందని 1988లో తెలిసింది.

చెరకు తోటల పనికి దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లిన తెలుగువారి సంతతి నేటికీ ఈ పాము తిరిగే నేల మీదే ఉంది. వచ్చే ఆదివారం సవరణలో, దీనిని తల వెనుక కూడా చేత్తో పట్టుకోరాదన్న మాట తప్పక చేర్చగలరు.

ఇట్లు,
విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
కాకినాడ