కర్ర లేని మహలు

చిరంజీవి చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను క్షేమం. మొన్న ఆదివారం ఇంటి విషయం వచ్చినప్పుడు నీ మాట పూర్తి కానివ్వకుండా ఫోను పెట్టేశాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీవు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దూలాలకు చెదలు పట్టి, వానకు మూడుచోట్ల కారే మిద్దెను పడగొట్టి కొత్తది కట్టుకుంటే తప్పేముంది? అప్పుడు నా దగ్గర కోపం తప్ప జవాబు లేదు. ఇప్పుడు దొరికింది. అందులో కొంత నీ వైపు, కొంత నా వైపు ఉంది కనుక ఓపికగా చదువు.

బుధవారం తెల్లవారకముందే లేచి చంద్రగిరి కోటకు నడిచి వెళ్ళాను. చిన్నప్పుడు నిన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్ళిన దారే. చెరువు కట్ట దాటి, చెరకు తోటల పక్కగా గంటన్నర నడక. మామిడి ఈసారి బాగా పూసింది. మంచుకు పూత మాడిపోతుందేమోనని తోటల వాళ్ళు దిగులుపడుతున్నారు. కోట కొండ ఇంకా మసకగానే ఉంది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ముందు బండలు, తరువాత బండల మధ్య గోడ, ఆ తరువాత గోడలోని ఒక్కొక్క రాయి విడివిడిగా కనిపించాయి. ఏనుగంత రాళ్ళు కూడా ఒకదాని అంచు మరొకదానికి సరిపోయేలా ఎలా చెక్కి పేర్చారో చూస్తూ చాలాసేపు నిలబడ్డాను.

లోపల రాజమహలు దగ్గర పురావస్తు శాఖ వారి పచ్చిక, మ్యూజియం నీకు గుర్తుండే ఉంటాయి. మూడంతస్తుల ఆ మహలును రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కర్ర వాడలేదు. ఈ సంగతి నాకు ఎప్పటి నుంచో తెలుసు, నీకూ చెప్పాను. కానీ ఆదివారం నీతో గొడవపడి వచ్చాను కదా, ఈసారి ఆ మాట నాకే చెప్పినట్టు అనిపించింది. లోపలికి వెళ్ళి తల పైకెత్తి చూశాను. ఒక్క దూలం లేదు. స్తంభం నుంచి స్తంభానికి కమాను, కమాను మీద ఇటుక, దాని మీద సున్నం. పై అంతస్తు బరువంతా ఆ వంపుల గుండా స్తంభాలలోకి, స్తంభాల నుంచి నేలలోకి దిగిపోతుంది. చెదలు తినడానికి అక్కడ ఏమీ లేదు.

నీవు పదో తరగతిలో ఉండగా మనం హంపీ వెళ్ళాం, జ్ఞాపకం ఉందా? మహానవమి దిబ్బ ఎక్కి చుట్టూ చూసి, 'ఇంత గొప్ప రాజులకు ఇల్లే లేదా నాన్నా?' అని అడిగావు. ఇళ్ళు ఉండేవి. అక్కడి విజయనగర రాజుల ప్రాసాదాలకు కింద రాతి అరుగు, పైన కర్ర కట్టడం. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత నగరం పాడైనప్పుడు పైనున్నదంతా పోయి, అరుగులు మిగిలాయి. ఆ దగ్గరలోనే ఇటుక, సున్నంతో కట్టిన లోటస్ మహల్ మాత్రం ఇంకా నిలిచి ఉంది. యుద్ధం తరువాత రాయల వంశం పెనుకొండకు, అక్కడి నుంచి మన చంద్రగిరికి వచ్చింది. 1586 నుంచి 1614 వరకు ఏలిన వెంకటపతి రాయల కాలంలో ఇది రాజధాని. హంపీలో అరుగులు చూసిన మనకు, ఇక్కడ అదే రాజ్యపు మహలు పైకప్పుతో సహా నిలబడి కనిపిస్తుంది. బుధవారం దాకా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

ఇప్పుడు మన ఇంటికి వస్తాను. మీ తాతయ్య దాన్ని 1958లో కట్టించారు. నాకప్పుడు ఆరేళ్ళు. వాకిట్లో గుండ్రంగా కాలువ తవ్వి, రాళ్ళు పరిచి, ఎద్దుకు కట్టిన రాతి చక్రంతో సున్నం గానుగ ఆడించారు. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో మరిగించి, చల్లార్చి, ఇసుకతో కలిపి రోజుల తరబడి తిప్పేవారు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు అందులో పోసేవారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మేస్త్రీ తాపీతో ఒక ముద్ద తీసి నా అరచేతిలో పెట్టాడు. వెన్నలా ఉంది. ఆ వెన్నే గోడలోకి వెళ్ళి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి మెల్లగా మళ్ళీ సున్నపురాయి అవుతుందని పెద్దయ్యాక చదువుకున్నాను. ఆ గోడకు మేకు కొడితే మేకే వంగిపోవడం నీవూ చూశావు.

మరి వెనక గది గోడ ఎందుకు పెచ్చులూడుతోంది అన్నావు. ఆ తప్పు నాది, ఇంతవరకు ఒప్పుకోలేదు. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగినప్పుడు ఆ గోడ అడుగున చెమ్మ ఎక్కింది. గట్టిగా ఉంటుందని నేనే బయటా లోపలా సిమెంటు పూయించాను. సున్నపు గోడ చెమ్మను పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. లోపల చిక్కిన నీటితో ఉప్పు తేలి, ఇటుకను పొడి చేసి, పూతను తోసేస్తోంది. ముందు గదుల గోడలకు అదే వాన తగిలింది, అవి మూడు నెలల్లో ఆరిపోయాయి. గోడ పాడైందని నీవు అన్నావు. నిజానికి దాన్ని పాడు చేసింది నేను వేయించిన పూత.

కాబట్టి నా నిర్ణయం ఇది. పైకప్పు విషయంలో నీవు చెప్పిందే సరి. దూలాలు, దంతెలు పనికిరావు. తాతయ్య చేతి మీద కట్టించారనే మమకారంతో వాటిని పట్టుకుని వేలాడను. వాటిని దించేద్దాం. గోడలు మాత్రం పడగొట్టనివ్వను. మూరెడు మందం గోడలవి. స్లాబు బరువు మోస్తాయో లేదో ఇంజనీరుకు చూపించి, ఆయన కుదరదంటే వేరే మార్గం అడుగుదాం. వెనక గోడ సిమెంటు చెక్కించి మళ్ళీ సున్నమే పూయిస్తాను. పక్క ఊళ్ళో సున్నం పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఒకరు ఉన్నారు. వెళ్ళి కలిశాను. కరక్కాయలు తెప్పించుకోమన్నారు.

ఇంకొక మాట, ఇంటికి సంబంధం లేనిది. నీవు ఇప్పుడు ఉంటున్న ఊరికీ ఈ కోటకూ చుట్టరికం ఉంది. చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే, 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీ వారికి సముద్రం ఒడ్డున స్థలం ఇచ్చాడు. అక్కడ లేచిన కోట చుట్టూ పెరిగిందే మీ చెన్నై. ఆ దస్తావేజు మీద ఈ రాజమహల్లోనే సంతకం పడిందని మన వైపు చెప్పుకుంటారు. నీవు రోజూ ఆఫీసుకు వెళ్ళే ఊరికి మూలం, మన ఇంటి నుంచి గంటన్నర నడక దూరంలో ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు కొండ అంచున దేవుడు లేని గుడి ముందు కాసేపు కూర్చున్నాను. లోపల గర్భగుడి ఖాళీ, గడప మీద ఎవరో పెట్టిన రెండు గన్నేరు పూలు మాత్రం తాజాగా ఉన్నాయి. అమ్మకు చెబితే, ఈసారి తనూ వస్తానంది. నడవలేదు కనుక ఆటో మాట్లాడతాను.

వచ్చే నెల రెండో శనివారం మేస్త్రీ, ఇంజనీరు ఇద్దరూ వస్తారు. శుక్రవారం రాత్రికే నీవు బయలుదేరి రా. ఇంటి పాత కాగితాలు బీరువాలో కనిపించడం లేదు. నీ దగ్గర ఉన్న ఫైలులో ఉన్నాయేమో చూసి, ఉంటే వెంట తీసుకురా. వేరుశనగకాయలు వేయించి పెడతానని అమ్మ చెప్పమంది.

ఇట్లు,
మీ నాన్న