పూర్వ విద్యార్థుల సంఘం, శ్రీకాకుళం: 2024–25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో పెద్దది ఒక్కటే. బ్యాచ్‌ల వారీగా ఉన్న వివరాల పుస్తకాన్ని పక్కన పెట్టి, మొదటి నుంచి తిరగరాయడం మొదలుపెట్టాం. ఎవరు ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, అవసరం పడితే ఎవరి ద్వారా చేరుకోవచ్చు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరకని పుస్తకం ఎంత అందంగా అచ్చువేసినా బీరువాలోనే ఉండిపోతుంది. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే. జమాఖర్చుల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం.

రిజిస్టర్ నుంచి మొదలు

వాట్సాప్ గ్రూపులో ఉన్న పేర్లతో జాబితా మొదలుపెడితే, ఇప్పటికే కలిసి ఉన్నవాళ్లే మళ్లీ కలుస్తారు. తప్పిపోయినవాళ్లు జాబితాలోకే రారు. అందుకని కాలేజీ అనుమతితో పాత అడ్మిషన్ రిజిస్టర్లు దగ్గర పెట్టుకుని, వరుస నంబరు ప్రకారం పేరు, తండ్రి పేరు, ఊరు మాత్రమే రాసుకున్నాం. కులం, పుట్టుమచ్చల గడులు అవసరం లేదు, వాటిని ఎత్తిరాయలేదు.

ఇక్కడ మొదటి చిక్కు జిల్లా పేరు. పాత రిజిస్టర్‌లో సిరా వెలిసిన అక్షరాలతో "పార్వతీపురం, శ్రీకాకుళం జిల్లా" అని ఉంటుంది. అది తప్పు కాదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే దాకా పార్వతీపురం, బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి తాలూకాలు మన జిల్లాలోనివే. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా వచ్చింది. అంటే ఆ ఊరి మనిషికి ఇల్లు కదలకుండానే మూడు జిల్లాలు. అదే రోజు పాలకొండ, సీతంపేట, వీరఘట్టం, భామిని మన్యంలోకి, రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస విజయనగరంలోకి వెళ్లాయి. కంప్యూటర్‌లో జిల్లా పేరుతో వెతికితే వీళ్లంతా తప్పిపోతారు. కాబట్టి పుస్తకంలో ఊరు, మండలం, పిన్‌కోడ్ ముఖ్యం. జిల్లా గడిలో ఇప్పటి పేరు రాసి, రిజిస్టర్‌లోని పాత పేరును పక్కన వేరే గడిలో ఉంచాం.

రెండో చిక్కు పేర్లది. మన వేపు ఒకే తరగతిలో ఇద్దరు అప్పలనాయుళ్లు, ముగ్గురు సూర్యనారాయణలు ఉండటం మామూలే. ఇంటిపేరు మొదటి అక్షరం కూడా కలిసిపోతే తండ్రి పేరు, ఊరు తప్ప వేరే ఆనవాలు ఉండదు. ఇంగ్లీషు స్పెల్లింగుతో ఇబ్బంది ఇంకా ఎక్కువ. శ్రీనివాసరావు మొదటి అక్షరాన్ని ఒకరు ఎస్ఆర్ఐ అని, ఒకరు ఎస్ఆర్ఈఈ అని, మరొకరు ఎస్‌హెచ్ఆర్ఐ అని రాస్తారు. వెతుకులాటలో మూడూ మూడు పేర్లే. తెలుగు అక్షరాల్లో ఒక గడి పెట్టి, అకారాది క్రమం దాని ప్రకారమే వేయాలని తీర్మానించాం.

ఆడపిల్లల విషయంలో పాత పుస్తకం బాగా దెబ్బతింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, ఫోను చాలాసార్లు భర్త పేరు మీద ఉంటుంది. ఇప్పటి పేరుతో జాబితా వేస్తే తోటివాళ్లు గుర్తుపట్టరు, పాత పేరుతో వేస్తే అత్తవారి ఊళ్లో ఎవరికీ తెలియదు. అందుకే కాలేజీలో పిలిచిన పేరు ముందు, ఇప్పటి పేరు తర్వాత. వెతకడం మాత్రం కన్నవారి ఊరి నుంచే మొదలుపెట్టాలి. అక్కడ అన్నదమ్ములో వదినలో ఒక్కరు దొరికితే చాలు. నంబరు వాళ్లే ఇచ్చేయకుండా, "ఫలానా బ్యాచ్ వాళ్లు అడుగుతున్నారు, మాట్లాడతావా" అని అమ్మాయిని అడిగి చెప్పమనాలి. ఆమె సరేనన్నాకే పేరు ఎక్కించాలి. పిలిచేవాళ్లు కూడా ఆ బ్యాచ్ ఆడవాళ్లయితేనే మంచిది.

ఊరి నంబరు

ఈ ఏడాది పుస్తకంలో కొత్తగా చేర్చిన గడి ఇది. దీన్ని ప్రతి సభ్యుడూ నింపాలని గట్టిగా కోరుతున్నాం.

మొబైల్ నంబరు మనిషిని అంటిపెట్టుకుని ఉండదు. రీచార్జి చేయని నంబరు కొన్నాళ్లకు రద్దవుతుంది. రద్దయి 90 రోజులు గడిచాక కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు రెండు ప్రమాదాలు. మనం పిలిస్తే ఎవరో తెలియని మనిషి ఎత్తుతారు. ఆ పాత నంబరు మన గ్రూపులో అలాగే ఉంటే, కొత్తగా సిమ్ తీసుకున్నవారు మన మాటల మధ్య కూర్చునే అవకాశం ఉంటుంది. నంబరు మార్చేవారు కొత్త సిమ్‌తో వాట్సాప్‌ను మళ్లీ మొదలుపెట్టకుండా, పాత సిమ్ పనిచేస్తుండగానే సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉన్న నంబరు మార్పును వాడాలి. అలా చేస్తే గ్రూపులన్నిటిలోనూ కొత్త నంబరు వచ్చి చేరుతుంది.

అయినా అందరూ అలా చేయరు. అందుకే ఊరి నంబరు. సభ్యుడు ఎన్ని ఊళ్లు మారినా తాను కదలకుండా సొంత ఊళ్లో ఉండే మనిషి నంబరు అది: తమ్ముడు, మేనమామ, పక్కింటి పిన్ని, ఊరి మధ్య కిరాణా కొట్టు నడిపే దూరపు బంధువు. భార్యాభర్తల నంబర్లు రెండూ ఇచ్చి సరిపెట్టకండి. ఇల్లు మారితే రెండూ కలిసే మారతాయి. ఆ మనిషికి ముందే చెప్పి, ఒప్పుకున్నాకే నంబరు రాయండి. విదేశాల్లో ఉన్నవారు నంబరు ముందు దేశం కోడ్ తప్పక వేయాలి. దుబాయ్ నంబరును +971 లేకుండా రాస్తే అది ఎవరికీ పనికిరాదు. ఓడల్లో పనిచేసేవారు ఏ నెలల్లో ఇంటి దగ్గర ఉంటారో కూడా రాస్తే మేలు.

సైన్యంలో ఉన్నవారి విషయంలో ఒక్కటే నియమం. యూనిట్ పేరు, పోస్టింగ్ స్థలం పుస్తకంలో గానీ గ్రూపులో గానీ వేయం. సొంత ఊరు, ఊరి నంబరు చాలు. తోటివాళ్లు అభిమానంతో "మావాడు ఫలానా చోట ఉన్నాడు" అని ఫొటో పెట్టినా తీసేయమని చెప్పాలి.

ఏం అడగాలి, ఏం అడగకూడదు

పాత ఫారంలో "ప్రస్తుత ఉద్యోగం, హోదా, పిల్లలు ఎంతమంది, ఏం చదువుతున్నారు" అని ఉండేది. ఆ ఫారం తిరిగి రాకపోవడానికి కారణం సోమరితనం అనుకోవడం పొరపాటు. ఉద్యోగం పోయినవాళ్లు హోదా గడి దగ్గర ఆగిపోతారు. పిల్లలు లేనివాళ్లకు, పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్లకు ఆ గడి గుండెకు గుచ్చుకుంటుంది. ఒంటరిగా ఉంటున్నవాళ్లకు "భర్త లేక భార్య పేరు" అన్న గడి కూడా అంతే. ఇవన్నీ తీసేశాం. "కుటుంబం గురించి మీరు చెప్పాలనుకున్నది" అని ఖాళీ స్థలం ఒక్కటే ఉంచాం.

పని గురించి "సాఫ్ట్‌వేర్", "బిజినెస్" అని ఒక్క మాటలో రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ పని, ఏ ఊళ్లో, ఆ పని గురించి జూనియర్లకు ఏం చెప్పగలరు అని మూడుగా విడగొట్టాం. వ్యవసాయం, ఇల్లు చూసుకోవడం, పనికి విరామం కూడా ఉద్యోగంతో సమానంగా వరుసలో పెట్టాం. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు "ఏమీ లేదు" అని రాస్తే, ఫోన్లు చేసే బ్యాచ్ ప్రతినిధి అలాగే వదిలేయకూడదు. పలాసలో జీడిపప్పు యూనిట్ లెక్కలన్నీ తన చేతి మీద నడుపుతూ "ఏమీ లేదు" అని రాసేవారు ఉంటారు. ఫోన్లో నెమ్మదిగా అడిగితే చెబుతారు.

ఒక్కో ప్రతినిధికి 25 పేర్లకు మించి ఇవ్వకూడదు. వారానికి ఐదు ఫోన్లు, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది లోపు. ముందు ఒక మెసేజ్ పెట్టి, తర్వాత పిలవాలి. మెసేజ్ లేకుండా తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే, మోసగాళ్ల భయంతో ఇప్పుడు చాలామంది ఎత్తడం లేదు. ఆధార్, పాన్, బ్యాంకు వివరాలు సంఘం ఏనాడూ అడగదు, ఎవరైనా సంఘం పేరుతో అడిగితే ఇవ్వకండి. ప్రతి పేరు పక్కన చివరిసారి మాట్లాడిన నెల, సంవత్సరం వేయాలి. తేదీ లేని వివరం ఎంత పాతదో చెప్పలేం. 18 నెలలు దాటితే పక్కన ప్రశ్నార్థకం పెట్టి మళ్లీ పిలవాలి. మరణవార్తను మాత్రం కుటుంబంతో నేరుగా మాట్లాడకుండా ఎవరూ గ్రూపులో పెట్టకూడదు.

సభ్యులు ఎక్కువగా అడిగిన సంగతులు

పదవీ విరమణల జాబితా. పుట్టిన తేదీకి 60 కలిపి వేసుకుంటే లెక్క తప్పుతుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 60 ఏళ్లయితే, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 జనవరి నుంచి 62. విరమణ పుట్టిన నెల ఆఖరు రోజున ఉంటుంది. ఒకటో తేదీన పుట్టినవారికి అంతకుముందు నెల ఆఖరు రోజే. సన్మానం తేదీ ఖాయం చేసే ముందు ఇది చూసుకోండి.

పట్టాలు, మార్కుల జాబితాల నకళ్లు. 2008లో ఎచ్చెర్లలో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడక ముందు చదువు పూర్తిచేసినవారి పట్టాలు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చినవి. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లేవారు, అక్కడ పనికి దరఖాస్తు పెట్టేవారు నకలు కోసం ఎచ్చెర్ల వెళ్లి తిరిగి వచ్చేయకుండా, ముందు పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం ముద్ర ఉందో చూసుకోండి. హాల్ టికెట్ నంబరు, ఉత్తీర్ణులైన నెల, సంవత్సరం లేకుండా ఎక్కడా పని జరగదు.

ప్రైవేటు ఉద్యోగాలు మారినవారి పీఎఫ్. దీని మీద ఎక్కువ ప్రశ్నలు వచ్చాయి. ఉద్యోగుల పెన్షన్ పథకంలో పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలి. మూడేళ్లు ఒక చోట, నాలుగేళ్లు ఒక చోట, ఐదేళ్లు ఇంకో చోట చేసినవారికి మొత్తం 12 ఏళ్లు ఉన్నా, ఖాతాలు విడివిడిగా ఉండిపోతే లెక్కకు రావు. 2014కు ముందు యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని ఒకే పీఎఫ్ నంబరు) లేదు కాబట్టి అప్పటి ఖాతాలు చాలావరకు అలా విడిగానే మిగిలాయి. ఉద్యోగం మారినప్పుడు డబ్బు తీసేసుకోకుండా బదిలీ చేయించుకోవాలి. బదిలీ ఆగిపోవడానికి పెద్ద కారణం మళ్లీ పేరే. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, పాత కంపెనీ రికార్డులో ఇంటిపేరే లేకపోవడం. ముందు ఆధార్, పాన్ ఒకేలా చేయించుకుని, తర్వాత, అవసరమైన చోట యజమానితో కలిసి, పేరు దిద్దమని ఉమ్మడి డిక్లరేషన్ పెట్టాలి. పాత కంపెనీ మూతపడక ముందే చేస్తే సులువు.

మిగతా పనులు

కార్యవర్గ సమావేశాలు ఏడురోడ్ల కూడలి దగ్గర సభ్యుల ఇళ్లలోనే జరిగాయి, హాలు అద్దె లేదు. సొసైటీల చట్టం ప్రకారం సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఈసారి ఆ పని కార్యదర్శి, కోశాధికారి ఇద్దరికీ కలిపి అప్పగించాం.

వచ్చే సమావేశం కనుమ వెళ్లిన మర్నాడు. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ ఇల్లు కదలడం ఎవరికీ కుదరదు, ఇంకో రెండు రోజులు ఆగితే బయటి ఊళ్లవాళ్లు తిరుగు రైలెక్కేస్తారు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. జనవరి 12న సికింద్రాబాద్‌లో బయల్దేరాలనుకునేవారికి నవంబరు 13న కౌంటర్ తెరుచుకుంటుంది, శ్రీకాకుళం రోడ్ దాకా పండగ టికెట్లు నిమిషాల్లో అయిపోతాయి. కాబట్టి నోటీసు నవంబరు మొదటి వారంలోనే పంపుతాం. ఆమదాలవలసలో ఉన్న ఆ స్టేషన్ నుంచి పట్టణంలోకి రావడానికి పెద్దవారికి వాహనం కావాలంటే, రైలు పేరు, చేరే సమయం తమ బ్యాచ్ ప్రతినిధికి వారం ముందు చెప్పాలి.

సమావేశానికి వచ్చేటప్పుడు మూడు తెచ్చుకోండి: పట్టా జిరాక్సు, ఇప్పటి చిరునామా పిన్‌కోడ్‌తో సహా, ఊరి నంబరు. ప్రవేశం దగ్గరే బ్యాచ్‌కో బల్ల ఉంటుంది. అక్కడ రిజిస్టర్ నకలులో మీ పేరు చూసుకుని, పక్కన ఇంకా ఖాళీగా ఉన్న తోటివారి పేర్లు చదవండి. ఎవరి ఊరు తెలిసినా, ఎవరి తమ్ముడు తెలిసినా పెన్సిల్‌తో రాసి వెళ్లండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి