గుట్ట మీద ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పేవారెవరు?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన గుట్ట ప్రమాదం వార్త గురించి రాస్తున్నాను. అత్యుత్సాహమే ప్రాణం మీదికి తెచ్చిందని శీర్షిక పెట్టారు. జారిపడిన యువకుణ్ణి స్నేహితులు తలా ఒక చేయీ కాలూ పట్టుకొని కిందికి మోసుకొచ్చారన్న సంగతి మాత్రం చివరి వాక్యంలో ఉంది. నా దృష్టిలో అసలు వార్త అదే. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, మీద రాళ్లు పడుతున్నాయనో నీళ్లు ముంచుకొస్తున్నాయనో తప్ప ఆ మనిషిని కదిలించకూడదు. ఆ పిల్లలు ప్రేమతోనే ఎత్తారు. వాళ్లకు ఆ మాట బడిలో చెప్పలేదు, కాలేజీలో చెప్పలేదు. అలాంటి వారిని నిందించి ఏం లాభం?

వానాకాలం మొదలైతే చాలు, వరంగల్, హనుమకొండల నుంచి బోగత, ముత్యాలధార జలపాతాలకు, పాండవుల గుట్టకు, అటు కుంటాల జలపాతం దాకా జనం బయలుదేరుతారు. రమ్మని పిలుస్తున్నది ప్రభుత్వమే. వచ్చినవారికి ఆపద వస్తే ఏం చేయాలో చెప్పే బాధ్యత ఎవరిదని అడిగితే అటవీ శాఖ పర్యాటక శాఖను, పర్యాటక శాఖ పోలీసులను చూపిస్తాయి. ఈ విషయమై నేను ఇచ్చిన అర్జీకి ‘ఇది మా పరిధిలోనిది కాదు’ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది. మరి ఎవరి పరిధిలోనిదో అందులో రాయలేదు. బండి నిలిపినందుకు రుసుము వసూలు చేసే చోట, ఎక్కడి నుంచి ఫోను కలుస్తుందో, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో తెలిపే బోర్డు పెట్టడానికి అంత కష్టమా? నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలకు మాత్రం ప్రతి మలుపులోనూ చోటు దొరుకుతుంది.

2023 జులైలో ముత్యాలధార చూడటానికి వెళ్లిన 80 మందికి పైగా వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వాళ్ల ఫోను పోలీసులకు అందింది. వాగు దాటే ప్రయత్నం చేయవద్దని, ఎత్తైన చోట ఉండమని పోలీసులు చెప్పారు, వాళ్లు విన్నారు. రాత్రివేళ సహాయక బృందాలు వెళ్లి వారిని బయటికి తెచ్చాయి. సరైన మాట సరైన సమయానికి చెవిన పడితే ప్రాణాలు నిలుస్తాయనడానికి మన జిల్లాల్లోనే ఇంత పెద్ద రుజువు ఉండగా, ఆ పాఠాన్ని మరుసటి ఏడాదికే మరిచిపోయాం.

చెప్పవలసినవి ఏమంత పెద్ద విషయాలు కావు. ముందు ఊపిరి ఆడుతోందా చూడాలి, రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. మనది ఎండల దేశం కాబట్టి చలి సంగతి ఎవరికీ తోచదు. కానీ గుట్ట మీద వానలో తడిసి, గాలికి పడి ఉన్న గాయపడ్డ మనిషి ఒంట్లో వేడి త్వరగా పడిపోతుంది. ఒంటి కింద ఏదైనా పరిచి, పైన పొడి బట్ట కప్పాలి. వేడెక్కుతాడని మద్యం పట్టించడం ప్రమాదం. పాము కరిస్తే గాటు పెట్టడం, బిగించి తాడు కట్టడం మానేసి, కాలో చేయో కదలకుండా చూస్తూ విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి.

అత్యవసర సహాయ నంబరు 112కు ఫోను చేయాలి. మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా వేరే కంపెనీ టవర్ అందితే ఆ ఫోను కలిసే అవకాశం ఉంది. మాట కలవని చోట ఒక్కోసారి సందేశం వెళుతుంది. నెట్ లేకున్నా ఫోను మనం ఉన్న చోటి అక్షాంశ రేఖాంశాలు చూపగలదు, వాటిని చెప్పాలి. గాయపడిన మనిషి దగ్గర ఒకరు ఉండాలి, సాయం కోసం వీలైతే మరో ఇద్దరు కలిసి కిందికి వెళ్లాలి. ఎక్కడ, ఎందరు, ఏ దెబ్బలు, ఎన్ని గంటలకు అన్నది కాగితం మీద రాసుకొని వెళ్లాలి, కంగారులో సగం మరిచిపోతాం. ఈల గాని టార్చి గాని నిమిషానికి 6 సార్లు, ఒక నిమిషం ఆగి మళ్లీ 6 సార్లు. ఆల్ప్స్ కొండల్లో 19వ శతాబ్దం చివర్లో మొదలైన ఆపద సంకేతం ఇది. నిమిషానికి 3 సార్లు బదులు వస్తే మన గోడు ఎవరికో అందినట్టు. ఈ సంగతి మన పర్యాటకుల్లో ఎందరికి తెలుసు? కాపాడటానికి వెళ్లేవారిలోనైనా ఎందరికి తెలుసు?

ఇంకొక మాట. ఏ గుట్ట మీద ఎవరు పడ్డా మొదట పరుగెత్తేది కింది గూడెం వాళ్లే. రోడ్డు లేక నిండు గర్భిణులను డోలీ కట్టి వాగులు దాటిస్తున్నవారు, దారీ డొంకా తెలిసినవారు. వారికి ఒక స్ట్రెచర్, నాలుగు మంచి తాళ్లు, ప్రథమ చికిత్సలో శిక్షణ, చేసిన పనికి గౌరవ వేతనం ఇవ్వడానికి ఏ శాఖకూ చేతులు రావడం లేదు. వాళ్ల ఊళ్లకు రోడ్డే వేయనివారు ఇదెప్పుడు చేస్తారని అడిగేవారూ ఉంటారు. రెండూ చేయాలనే నేను అడుగుతున్నాను.

మీకూ ఒక విన్నపం. వానాకాలం ముగిసేదాకా ప్రతి శనివారం జిల్లా పేజీలో అరచేతి మేర చోటు కేటాయించి ఈ జాగ్రత్తలు వేయండి. ఆదివారం బయలుదేరేవారు ముందురోజే చదువుకుంటారు.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ